వీలునామా, గిఫ్ట్ డీడ్, ఫ్యామిలీ ట్రస్టు: మన అనంతపురం ఇళ్ళకి ఏది మేలు?

ఆస్తి పిల్లోళ్ళకి ఎట్ల రాయల్ల అని అడిగితే, అమెరికాలో ఉండే మేనల్లుడు ఫోన్లో "మామా, ట్రస్టు పెట్టేయ్, ఇక్కడ అందరూ అదే చేస్తారు" అంటాడు. రిజిస్ట్రార్ ఆఫీసు ముందర డాక్యుమెంట్ రైటరేమో "ట్రస్టు గిస్టు ఎందుకన్నా, పిల్లోళ్ళ పేరుకి గిఫ్ట్ చేసిపారేయ్, నీ కళ్ళ ముందరే పనైపోతాది" అంటాడు. ఇద్దరూ మంచికే చెప్తారు, కాకపోతే మీ ఇంట్లో ఎవరెవరున్నారో అడగకుండా చెప్తారు, అసలు తేల్చాల్సింది అదే.

ముందు అమెరికా సంగతి. అక్కడ మనిషి పోయినాక వీలునామా ప్రొబేట్ అనే తతంగం, అంటే అది నిజమైందే అని కోర్టు తేల్చే పని, దాటల్ల, నెలలు పడతాది, లాయరు ఖర్చు, పైగా ఎవరైనా తీసి చూసే రికార్డు అయిపోతాది, దాన్ని తప్పించుకోడానికే వాళ్ళు బతికుండగానే ఆస్తి లివింగ్ ట్రస్టులో పెడతారు. మనకి అనంతపురం, కడప, కర్నూలు ఆస్తుల మీద ఒక హిందువు రాసే వీలునామాకి ప్రొబేట్ తప్పనిసరి కాదు. చావు పన్ను లాంటి ఎస్టేట్ డ్యూటీ కూడా 1985లోనే ఎత్తేసినారు. అంటే మేనల్లుడు చెప్పే పెద్ద కారణం మనకి లేనే లేదు.

అందుకే మామూలు ఇంటికి, అంటే సొంత సంపాదన ఇల్లు ఒకటి, నాలుగెకరాల చీనీ తోట, పిల్లోళ్ళు పెద్దోళ్ళై ఎవరి బతుకు వాళ్ళు బతుకుతా ఉంటే, నా ఓటు వీలునామాకే. స్టాంపు డ్యూటీ లేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతాది, ఇద్దరు సాక్షులు ఉండల్ల అంతే. మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు, చివరిగా రాసిందే లెక్క. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు గానీ చేయించుకోండి, "అది నాయన సంతకమే కాదు" అనేటోడు ప్రతి ఇంట్లో ఒకడు ఉంటాడు. సాక్షులుగా మీ ఈడు వాళ్ళని పెట్టద్దు, గొడవ కోర్టుకి పోతే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పల్ల కదా, మీకు వైద్యం చూసే డాక్టర్ని ఒక సాక్షిగా పెట్టుకుంటే ఇంకా మేలు. దీని లోటు ఏందంటే మీరు పోయేదాకా అది ఉత్త కాగితమే, పక్షవాతం వచ్చి మంచాన పడితే బ్యాంకులో డబ్బు తియ్యడానికి కూడా పనికిరాదు.

ఇంకోటి: తాతల నాటి ఉమ్మడి భూమి అయితే వీలునామాలో మీరు రాయగలిగింది మీ వాటా వరకే, పంపకాలు కాకముందు మిగతా వాటాదారులు ఒప్పుకోకుండా ఆ వాటాని గిఫ్ట్ చేస్తే చెల్లదు. ఆడపిల్లకి పెళ్ళి చేసి పంపించినాం కదా అంటే కుదరదు, 2005 సవరణ తర్వాత ఆమెకీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉండాది, 2020లో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఆమె వాటా మింగేసి ఏ దస్తావేజు రాసినా రేపు కోర్టులో నిలబడదు.

గిఫ్ట్ డీడ్‌కి రైటర్లు ఎందుకు మొగ్గుతారంటే పని ఒక్క రోజులో అయిపోతాది, పాస్ పుస్తకం కొడుకు పేరుకి మారుతాది, పోయినాక తగాదా ఉండదు. నిజమే. కానీ అది వెనక్కి రాదు. బెంగళూరు నుంచి నెలకోసారి వచ్చే కొడుకు సంతకం అయినాక రావడం మానేస్తే? 2007 నాటి పెద్దోళ్ళ పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది, చూడకపోతే ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్‌కి పోయి గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు, కాకపోతే పోషించాలనే షరతు మీదే ఇచ్చినట్టు ఉండల్ల. 2022లో సుప్రీంకోర్టు అదే అనింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి కేసులో చట్టాన్ని పెద్దోళ్ళకి అనుకూలంగా ఉదారంగా చూడల్ల అనింది, కానీ అక్కడ కూడా కొడుకు రాసిచ్చిన మాట కాగితం మీద ఉన్నింది. కాబట్టి గిఫ్టే చెయ్యాలనుకుంటే "నా జీవితాంతం పోషణ, వైద్యం చూసే షరతు మీద" అని ఒక లైను, "నేను, నా భార్య బతికినంత కాలం ఇంట్లో ఉండే హక్కు, తోట రాబడి మాదే" అని ఇంకో లైను దస్తావేజులోనే రాయించండి, రైటరు "అవన్నీ ఎందుకన్నా, కొడుకే కదా" అన్నా వినొద్దు. నన్నడిగితే ఉన్న ఒక్క ఇల్లు ఎవరికీ గిఫ్ట్ చెయ్యద్దు.

ఇంక ట్రస్టు. మన దగ్గర ఆ పేరు వింటే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు), పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు గుర్తొస్తాయి, అవి ప్రజల కోసం పెట్టినవి, ఇది వేరే, ఇంటివరకే, 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ కింద. ఆస్తి ట్రస్టీ, అంటే మీరు నమ్మి పెట్టిన మనిషి, చేతిలో ఉంటాది, అనుభవం లబ్ధిదారుది, అంటే ఎవరి కోసం పెట్టినారో వాళ్ళది. భూమి, ఇల్లు పెట్టాలంటే రిజిస్టర్ దస్తావేజు కావల్ల, లేదా వీలునామాలోనే రాయల్ల.

గార్లదిన్నె వైపు మాకు తెలిసిన ఒక పెద్దాయన సంగతి చూడండి. కూతురు టీచరు, చిన్నోడికి ముప్పై దాటినా బుద్ధి పిల్లోడి లెక్కే. వీలునామాలో వాడికి తోట రాస్తే, ఎవరో ఒకరు వేలిముద్ర వేయించుకోని పోతారు. మొత్తం కూతురి పేర రాసి "తమ్ముడిని చూసుకోమ్మా" అంటే ఆమె మంచిదే, ఆమె తర్వాత? ఇట్లాంటి చోట ట్రస్టుకి సాటి లేదు. తోట కౌలు, ఇంటి బాడుగ ట్రస్టు ఖాతాలో పడల్ల, అందులోంచి వాడి మాత్రలు, తిండి, చూసుకునే మనిషి జీతం పోవల్ల, వాడు ఉన్నంత కాలం ఆస్తి అమ్మకూడదు, ఆ తర్వాత మనవళ్ళకి. ఒక్క మనిషిని కాదు, ఇద్దరు ట్రస్టీల్ని పెట్టి, వాళ్ళ తర్వాత ఎవరో కూడా రాయల్ల. మనిషి బాగోగులకి గార్డియన్ని 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ కమిటీ వేస్తాది, అది వేరే దరఖాస్తు, రెండూ కావల్ల. తాగుబోతు కొడుకు, అప్పుల అల్లుడు ఉన్న ఇళ్ళకీ ఇదే దారి, కాకపోతే మీ అప్పులోళ్ళకి ఎగ్గొట్టడానికి పెడితే కోర్టు కొట్టేస్తాది.

ఖర్చు మాట: బతికుండగా పెడితే స్టాంపు డ్యూటీ, పాన్ కార్డు, ఏటా ఆదాయపు పన్ను రిటర్ను, ఎవరికి ఎంతో ఖరారు చెయ్యకుండా ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే బాడుగ, వడ్డీ మీద అత్యధిక రేటు పన్ను, 30 శాతం పైనే. తోట రాబడికి ఆ బాధ లేదు. వీలునామాలోనే ఒకే ఒక్క ట్రస్టు రాస్తే స్టాంపు డ్యూటీ తప్పుతాది, ఆ అత్యధిక రేటు నుంచి మినహాయింపు కూడా ఉంది. పెద్దాయనకి నేను చెప్పింది అదే, కాకపోతే ఆడిటర్‌కి ఒకసారి చూపించి రాయించమన్నా.

రైటరు దగ్గరికి పోయే ముందు సర్వే నంబరు 22ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడదని పెట్టిన భూముల జాబితాలో, ఉందేమో చూసుకోండి, సర్కారు పేదలకి ఇచ్చిన డీకేటీ పట్టా భూములు చానా అందులో ఉంటాయి, అట్ల ఉంటే గిఫ్టు గానీ ట్రస్టు గానీ సబ్ రిజిస్ట్రార్ దస్తావేజే తీసుకోడు.