పెద్ద డ్రమ్ము, మెగాఫోను, ఒక ఎత్తుబల్ల: ఫుట్‌బాల్ స్టాండును పాడించే సామాను ఏ మాత్రం పనికొస్తుంది?

గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో జనం బాగా వచ్చిన ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌కైనా ఇదే తంతు. గోల్ వెనక ముప్పై మంది గొంతు చించుకుంటుంటారు. కాస్త అవతల స్టాండులో ఇంకో యాభై మంది అదే పాట అందుకుంటారు. రెండు పాటలూ కలవవు. అర నిమిషానికి ఒక వైపు వాళ్లు నవ్వేసి ఆపేస్తారు, రెండో వైపు వాళ్లు కూడా చల్లబడతారు. "సౌండు చాలట్లేదు, ఇంకో మెగాఫోను కొందాం" అని అక్కడికక్కడే చందాలు మొదలవుతాయి. ఆ డబ్బు దండగ. పాట చచ్చింది గొంతు చాలక కాదు, తాళం తప్పి. అభిమాన బృందాలు మామూలుగా కొనే సామాను ఈ తాళం గొడవను తీరుస్తుందా, పెంచుతుందా అన్న లెక్కతోనే ఈ సమీక్ష.

ముందు లెక్క చూద్దాం. సాయంత్రపు గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు వెళ్తుంది. 70 మీటర్ల దూరానికి 0.2 సెకను పడుతుంది. నిమిషానికి 100 దెబ్బల వేగంతో పాడితే ఒక్కో దెబ్బకు 0.6 సెకను. అంటే 70 మీటర్ల అవతల ఉన్నవాడికి మీ దెబ్బ మూడో వంతు ఆలస్యంగా వినపడుతుంది. వాడు దాన్ని పట్టుకుని పాడితే ఆ పాట మీ దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం మూడింట రెండొంతులవుతుంది. భజనలో ఒకడి తాళం అంత వెనకబడితే చేతిలోంచి తాళాలు లాక్కుంటారు. బాలయోగి లాంటి అథ్లెటిక్స్ స్టేడియాల్లో పిచ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కాబట్టి స్టాండ్లు మైదానానికీ, ఒకదానికొకటీ ఇంకా దూరం. మీరు ఎంత గట్టిగా అరిచినా ఆ 0.2 సెకను తగ్గదు.

అందుకే మొదట కొనాల్సింది పెద్ద డ్రమ్ము. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాళ్లు మెడలో వేసుకునే 22 లేదా 24 అంగుళాల రకమే సరిపోతుంది. రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉన్నదే తీసుకోండి. తోలుది వింటానికి బాగుంటుంది కానీ, రాత్రి ఏడున్నర మ్యాచ్‌లో రెండో సగానికల్లా మంచు తగిలి వదులైపోతుంది. బిగించేటప్పుడు మరలను వరసగా తిప్పుకుంటూ పోవద్దు. ఒకటి తిప్పాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది తిప్పాలి, ఒక్కోసారి అర చుట్టు మాత్రమే. వరసగా తిప్పితే పొర ఒక పక్కకు లాగి, దెబ్బ "ధమ్" అనకుండా "ఢంయ్" అని మోగుతూనే ఉంటుంది. ఆ మోత తర్వాతి దెబ్బ మీద పడి తాళాన్ని చెరిపేస్తుంది. లోపల పొరకు ఆనేలా ఒక పాత తువ్వాలు మడిచి పెడితే మోత తగ్గి దెబ్బ పొట్టిగా, గట్టిగా వస్తుంది. కర్ర తలకు గుడ్డ చుట్టి ఉండాలి. వట్టి కర్రతో కొడితే దగ్గరివాళ్ల చెవులు పోతాయి, దూరానికి వెళ్లే మంద్ర ధ్వని మాత్రం పెరగదు. డ్రమ్ముకు మూడు నాలుగు వరసల లోపల ఉండేవాళ్లకు చెవి బిరడాలు కొనివ్వండి, పైసల్లో పని.

రెండో డ్రమ్ము కొనొచ్చా? కొనొచ్చు, ఒక షరతు మీద. 40 మీటర్ల అవతల నిలబడే రెండో వాయిద్యగాడు మొదటివాడి దెబ్బను చెవితో వినకూడదు, కంటితో చూడాలి. కర్ర తల పైకి లేచినప్పుడు తనదీ లేపి, కిందికి దిగినప్పుడు తనదీ దించాలి. వెలుతురుకు ఆలస్యం లేదు. మొదటివాడు కర్రను భుజం పైదాకా లేపి కొట్టేది ఇందుకే, హడావుడికి కాదు. 2016 యూరోలో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్పులో) ఐస్‌లాండ్ జనం చేసిన చప్పట్లు ప్రపంచమంతా పాకడానికి కారణం కూడా ఇదే. డ్రమ్ము రెండు దెబ్బలు, చేతులు పైకి, ఒక్క చప్పట. చేతులు లేచి ఉండటం వేలమందికి ఒకేసారి కనపడుతుంది కాబట్టి చప్పట ముక్కలవదు.

ఇక్కడ మనవాళ్లు చేసే తప్పొకటుంది, తీన్‌మార్. హైదరాబాద్‌లో చేతికి డ్రమ్ము దొరికితే ఆ దరువు దానంతటదే వచ్చేస్తుంది. వింటే కాళ్లు ఆడతాయి, నోళ్లు మూసుకుంటాయి. అడుగులకు పుట్టిన ఆ దరువులో మాట దూర్చడానికి సందు ఉండదు. గోల్ పడ్డాక రెండు నిమిషాలు వాయించుకోండి, ఎవరూ కాదనరు. పాటకు మాత్రం నిమిషానికి 80 నుంచి 90 దెబ్బలు, మధ్యలో అదనపు దెబ్బలు లేకుండా. జనం ఎలాగూ తొందరపడతారు. వాళ్లను వెనక్కి లాగేవాడికే కర్ర ఇవ్వాలి. ఆటలో లీనమైపోయే మనిషి మంచి అభిమాని కావచ్చు, డ్రమ్ముకు మాత్రం పనికిరాడు.

డప్పు గురించి చాలామంది అడుగుతారు. సిర్ర, సిటికెన పుల్ల కలిసి పలికే ఆ పదును దూరానికి బాగా వెళ్తుంది, చూడటానికి మన ఊరి కళ. కానీ తోలు డప్పును మంట మీద కాచి శ్రుతికి తెచ్చుకోవాలి. స్టేడియంలో మంట కుదరదు. గేటు బయట కాచి తెచ్చినా తొలి సగం గడవడమే కష్టం. ఫైబర్ పొర డప్పులైతే ఆ బాధ లేదు. పెద్ద డ్రమ్ముకు తోడుగా ఒకటి చాలు.

ఇక మెగాఫోను. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే అట్ట మీద 50 వాట్లని రాసి ఉన్నవి బోలెడు చూపిస్తారు. ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోవద్దు, చాలావాటిలో అది ఒక్క క్షణం తట్టుకునే గరిష్ఠం. నిజంగా 25 వాట్లు ఇచ్చేది ఒక స్టాండు బ్లాకుకు చాలు. వినిపించి చూడకుండా కొనొద్దు. కొత్త బ్యాటరీ సెల్లులు తీసుకెళ్లి, మీవాడొకణ్ణి ముప్పై అడుగుల అవతల నిలబెట్టి "కొట్టు, పట్టు, చుట్టు, మెట్టు" అని చదవండి. నాలుగూ విడివిడిగా తెలిస్తే తీసుకోండి. అన్నీ "అట్టు"లా వినిపిస్తే ఎన్ని వాట్లున్నా వద్దనండి. కొమ్ము బూర మంద్ర ధ్వనిని ఎలాగూ మింగేస్తుంది, అది బతికేది హల్లుల మీదే.

మైకు విడిగా, చుట్టల తీగతో వచ్చే రకం మేలు. పిస్తోలు పిడి రకంలో నోరు ఎటు తిప్పితే బూర అటు తిరుగుతుంది. పాడించేవాడు ఆట వైపు ఒకసారి తొంగి చూసినా పాట సగంలో మైదానంలోకి పోతుంది. పట్టీతో భుజాన వేసుకుని బూరను జనం వైపే ఉంచాలి. సైరన్ మీట చాలా నమూనాల్లో మాట్లాడే మీట పక్కనే ఉంటుంది. దాని మీద అట్టముక్క పెట్టి నల్ల టేపు చుట్టేయండి, లేదంటే పెనాల్టీ కిక్కు వేళ ఒక్క "కుయ్" మొత్తం బ్లాకును వెధవల్ని చేస్తుంది. సెల్లులు నీరసిస్తే ధ్వని తగ్గకముందే గరగరలాడుతుంది. విరామంలో మార్చడానికి రెండో జత దగ్గరుంచుకోండి, పాత కొత్త సెల్లులు కలపొద్దు. మైకును బూర ముందుకు తెస్తే, లేదా పైన రేకుల కప్పు మరీ కిందికుంటే కూత పెడుతుంది. అప్పుడు వాల్యూమును ఒక గీత తగ్గించి మైకును పెదవులకు ఆనించండి. నోటి తేమకు జాలీ లోపల తడవకుండా పల్చని స్పంజు తొడుగు వేయాలి.

ఇన్ని చెప్పినా మెగాఫోనుకు పదికి ఆరే ఇస్తాం. దాని పని పాట ఎత్తుకోవడం వరకే. బుర్రకథలో కథకుడు ఒక మాట అని వంతలకు వదిలినట్టు, మొదటి చరణం అందించి ఆపేయాలి. తొంభై నిమిషాలూ అందులోనే పాడితే జనం ప్రేక్షకులైపోతారు. రెండోది కొంటే పెరిగేది మూడు డెసిబెళ్లు. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది కావాలి. పైగా రెండు బూరల మధ్య దూరం ఉంటే మొదట చెప్పిన ఆలస్యమే మళ్లీ నెత్తికి చుట్టుకుంటుంది.

వువుజెలా అనే పొడుగాటి ప్లాస్టిక్ బూర మాటే ఎత్తొద్దు. 2010 ప్రపంచకప్పు చూసినవాళ్లకు తెలుసు, ఒకే స్వరం, ఆపకుండా. దాని కింద ఏ పాటా మొలవదు. ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ దాన్ని తన పోటీల్లో నిషేధించింది.

అన్నిటికన్నా చవకైనది పాట కాగితం, దాన్నే ఎవరూ సరిగ్గా చేయరు. ఎ5 సైజు, నాలుగు పాటలు, లావు అక్షరాలు. ఒక వైపు తెలుగు లిపి, వెనక అవే మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎందుకంటే హైదరాబాద్ స్టాండులో తెలుగు చదవలేని గొంతులు కూడా మనవే. ఇంగ్లండ్ అభిమానుల పాటల బాణీకి మాటలు అతికించేటప్పుడు ఒకటి గమనించండి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లిషు కేక హల్లు మీద ఠక్కున ఆగే చోట మన మాట "ఆఆ" అని సాగుతుంది. ఆ సాగుడును వాడుకోవాలి గానీ తుంచకూడదు. ద్విత్వాక్షరాన్ని సరిగ్గా డ్రమ్ము దెబ్బ మీద పెట్టండి:

"ఎవరిదిరా ఈ గడ్డ?"
"మనదే! మనదే!"
"కొట్టరా కొట్టరా గోలూఊఊ!"

"గడ్డ", "కొట్ట" దెబ్బ మీద, "గోలూ" దెబ్బ తర్వాత ఖాళీలో. ఇంతే. శ్రుతి విషయానికొస్తే ఎత్తుకునేవాడు ఉద్రేకంలో ఎప్పుడూ పైస్థాయిలో మొదలుపెడతాడు, మూడో చుట్టుకు మిగతావాళ్ల గొంతులు పగులుతాయి. మాట్లాడే గొంతుకు కాస్త పైన మొదలుపెడితే చాలు.

ఎదురు స్టాండుతో కలిసి పాడాలన్న ఆశ వదులుకోండి. దాన్ని సవాలు జవాబుగా మార్చండి. మీరు ఒక పాదం, ఒక దెబ్బ ఖాళీ, వాళ్లు ఒక పాదం. ఆలస్యం ఆ ఖాళీలో ఇమిడిపోతుంది.

ఎత్తుబల్ల గురించి నవ్వుతారు కానీ, మెగాఫోను కన్నా దీనికే ఎక్కువ మార్కులు. రెండడుగుల ఎత్తు, కాళ్లకు రబ్బరు తొడుగులు, ఇద్దరు పట్టుకోవడానికి అంచు. పాడించేవాడు మైదానానికి వీపు పెట్టి దాని మీద నిలబడాలి. మ్యాచ్ వాడికి దక్కదు, అది ముందే ఒప్పుకున్నవాణ్ణే ఎక్కించండి. ఎదురుగా ఒకడు ఆట చూస్తూ కార్నర్, ఫ్రీకిక్ లాంటివి సైగ చేయాలి. బల్ల మొదటి వరస ముందు, బ్లాకు నడిమధ్యలో. పాడేవాళ్లంతా దాని ఎదుట పక్కపక్కనే ఉండాలి. అరవై మంది ఆరు వరసల్లో కుక్కుకుంటే పాట, అదే అరవై మంది మూడు బ్లాకుల్లో చెల్లాచెదురైతే గోల. జర్మన్ క్లబ్బు డార్ట్‌మండ్ స్టేడియంలో దక్షిణ స్టాండు బలం 24,454 మంది ఒకే వాలు మీద నిలబడటంలో ఉంది. 2019లో తెరిచిన లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ స్టేడియంలో గోల్ వెనక 17,500 మందికి ఒకే అంతస్తు కట్టిందీ ఆ కిటుకు కోసమే. మన దగ్గర స్టాండు మార్చలేం, టికెట్లు ఒకే బ్లాకులో కొనడం మాత్రం మన చేతిలో ఉంది.

గేటు దగ్గర ఆపకుండా ఉండాలంటే డ్రమ్ములు, మెగాఫోను, విడి సెల్లులు, బల్ల, జెండా గొట్టాల జాబితాను కొలతలతో సహా వారం ముందే క్లబ్బుకిచ్చి సంతకం వేయించుకోండి. ఆ కాగితం ప్రతులు మూడు, డ్రమ్ము మోసేవాడి దగ్గర ఒకటి. జెండాలకు బోలు ప్లాస్టిక్ గొట్టాలే, కర్రలూ ఇనుపవీ వద్దు. విడి సెల్లులను మాత్రం చివరి నిమిషంలో పక్కన పెట్టించే అవకాశం ఉంది, అందుకే మెగాఫోనులో ఎప్పుడూ కొత్త జత వేసే లోపలికి వెళ్లండి.

మ్యాచ్ అయ్యాక సెల్లులు తీసేయాలి, లేకపోతే నెల తిరిగేసరికి కారి స్ప్రింగులు పచ్చబడతాయి. డ్రమ్ము మరలు తలా ఒక చుట్టు వదులు చేసి, లోపలి తువ్వాలు తీసి ఆరేయండి.