పాత డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ: కొన్నేళ్లు వాడిన తరువాత

మా డీటీపీ సెంటర్‌లో శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాల పని నేటికీ 2013 నాటి ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు ఉన్న డెస్క్‌టాప్ మీదే నడుస్తోంది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0లో అను అనే తెలుగు ఫాంట్లతో ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లు దానిలో ఉన్నాయి. ఆ ఏర్పాటంతా కొత్త సిస్టమ్‌లో యథాతథంగా కుదురుతుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే అది బాగా నెమ్మదించినప్పుడు కొత్తది కొనకుండా దానినే సరిచేసుకున్నాను. అప్పుడు హార్డ్‌డిస్క్ స్థానంలో బిగించిన 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీని (తిరిగే పళ్లెం బదులు చిప్‌లలో సమాచారం దాచే, సాటా తీగతో తగిలించే డ్రైవ్) కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను కనుక, దాని మంచిచెడ్డలను ఇప్పుడు నిక్కచ్చిగా చెప్పగలను.

సిస్టమ్ హ్యాంగ్ అవుతోందనగానే ‘ఫార్మాట్ కొట్టించండి’ అనడం మన దగ్గర పరిపాటి. దానివల్ల కొద్దిరోజులు తేలికగా నడిచినట్లు ఉంటుంది గాని, అసలు కారణం లోపలే ఉంటే నెమ్మది మళ్లీ మొదలవుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగాన్ని తెరిచి, సిస్టమ్ మొరాయిస్తున్న సమయంలోనే ఏ భాగం మీద భారం పడుతోందో చూడటం అంతకన్నా మేలు. అప్పటికి హార్డ్‌డిస్క్‌తోనే ఉన్న నా సిస్టమ్‌లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉండగా డిస్క్ మాత్రం నూరు శాతం దగ్గర నిలిచిపోయి కనిపించింది. డిస్క్ ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే, చదవడానికి మొరాయిస్తూ పెండింగ్‌లో పడిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న నిల్వ భాగాలు) కూడా ఉన్నాయి. ఆ అంకె సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే, వేగం సంగతి పక్కన పెట్టి ముందుగా ఫైళ్లను వేరొక డిస్క్‌కు నకలు తీసుకోవాలి.

హార్డ్‌డిస్క్ ఎందుకు వెనకబడుతుందో లెక్క వేస్తే సులభంగా అర్థమవుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెంలో కావలసిన చోటు, సమాచారం చదివే హెడ్ కిందికి రావడానికి సగటున 4.17 మిల్లీ సెకన్లు పడుతుంది. హెడ్ సరైన వరుసకు చేరడానికి ఇంకో 8, 9 మిల్లీ సెకన్లు కలుపుకుంటే, చెదురుమదురుగా ఉన్న ముక్కలను సెకనుకు సుమారు ఎనభై సార్లకు మించి వెదికి తేలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు, వందల ఫాంట్లు లోడయ్యేటప్పుడు సరిగ్గా ఇలాంటి చిన్న ముక్కలనే వేల సంఖ్యలో చదవవలసి వస్తుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేనందువల్ల ఈ నిరీక్షణ దాదాపు ఉండదు. డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని పెద్ద అక్షరాలతో వేస్తారు గాని, పాత సిస్టమ్‌కు ప్రాణం పోసేది ఆ అంకె కాదు, ఈ నిరీక్షణ తగ్గడమే. హెచ్81 బోర్డులో రెండు సాటా పోర్టులు సెకనుకు 6 గిగాబిట్లవి, రెండు 3 గిగాబిట్లవి. ఎస్‌ఎస్‌డీని మొదటి రకానికి తగిలించడం మంచిదే అయినా, నెమ్మది పోర్టుకు తగిలించినా రోజువారీ పనిలో తేడా పెద్దగా తెలియదు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) మాత్రం డిస్క్‌తో సిస్టమ్ మాట్లాడే పద్ధతిగా ఏహెచ్‌సీఐ మోడ్ ఉన్నదో లేదో తప్పక చూసుకోవాలి.

ర్యామ్ సంగతి దీనికి ముడిపడి ఉంది. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్ తెరిస్తే, పట్టని సమాచారాన్ని విండోస్ డిస్క్ మీదికే నెట్టి, మళ్లీ అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. మరో డీడీఆర్3 స్టిక్ వేసి 8 జీబీ చేశాకే ఎస్‌ఎస్‌డీ ఫలితం పూర్తిగా కనిపించింది.

వేసవిలో మధ్యాహ్నం పూట మాత్రమే వచ్చే నెమ్మది వేరు. కాగితపు నుసి, దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్‌లో పేరుకుని, ప్రాసెసర్ వేడిని బయటికి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోతే, వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దానికి ఎస్‌ఎస్‌డీ ఏమీ చేయలేదు. బ్లోయర్, కొత్త పేస్ట్ సరిపోయాయి.

ఇన్నేళ్ల వాడకంలో ఎస్‌ఎస్‌డీ ఒక్కసారి కూడా మొండికేయలేదు, ఆరోగ్య శాతం ఇప్పటికీ తొంభైకి పైనే చూపుతోంది. లోపాలు లేవనను. పెళ్లి వీడియోల వంటి పెద్ద ఫైళ్లను ఒకేసారి ఎక్కిస్తే, కొంతసేపటికి దాని లోపలి తాత్కాలిక జాగా నిండిపోయి వేగం గణనీయంగా పడిపోతుంది. పెద్ద ఫోటోలపై ఫిల్టర్లు వేయడం మునుపటంత ఆలస్యంగానే జరుగుతుంది, ఎందుకంటే అది ప్రాసెసర్ పని. అన్నిటికన్నా నన్ను జాగ్రత్తగా ఉంచేది మరొకటి: హార్డ్‌డిస్క్ చాలాసార్లు గరగరమంటూ కొంత ముందే హెచ్చరిస్తుంది, ఎస్‌ఎస్‌డీ చప్పుడు లేకుండా ఆగిపోవచ్చు. అందువల్ల పూర్తయిన పనులను ఏ వారానికి ఆ వారం బయటి డిస్క్‌కు ఎక్కిస్తాను.

విండోస్ 11 ఇంటెల్‌లో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం, ఆ తరువాతి ప్రాసెసర్లనే అధికారికంగా అంగీకరిస్తుంది; నాది నాలుగో తరానిది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ ఈ సిస్టమ్‌లో హాయిగా నడుస్తుంది గాని నా పేజ్‌మేకర్ పనికి అది ప్రత్యామ్నాయం కాదు. కాబట్టి దీనికి ఇంటర్నెట్ తీగను తీసివేసి, ఖాతాదారుల పెన్‌డ్రైవ్‌లను వేరే సిస్టమ్‌లో స్కాన్ చేశాకే దీనికి పెడుతున్నాను. కేవలం బ్రౌజింగ్, ఆన్‌లైన్ చెల్లింపుల కోసమే సిస్టమ్ ఉంచుకున్నవారికి ఇదే వయసు యంత్రం మీద ఖర్చు పెట్టమని నేను చెప్పను.