చర్చ్ స్ట్రీట్‌లో చిన్న సైజు సూపర్‌హీరోలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

బెంగళూరులో పాత సూపర్‌హీరో కామిక్స్ తక్కువ ఖర్చులో పోగేయాలంటే ప్రస్తుతం చూడాల్సినవి రెండు వరసలు. మార్వెల్ వాళ్ల మైటీ మార్వెల్ మాస్టర్‌వర్క్స్ 2021లో మొదలైంది. డీసీ కాంపాక్ట్ కామిక్స్ 2024లో వచ్చింది. రెండూ చిన్న సైజు పేపర్‌బ్యాక్‌లే గానీ చేసే పని వేరు. మార్వెల్ వరస 1960ల కథల్ని మొదటి సంచిక నుంచి వరసపెట్టి ఇస్తుంది. డీసీ మాత్రం ఎక్కువగా 1980ల తర్వాత పేరుమోసిన కథల్ని తీసుకుని పుస్తకానికొకటి చొప్పున వేస్తోంది. తీర్పు ముందే చెప్పేయొచ్చు: మార్వెల్ వరస కళ్లు మూసుకుని మొదలుపెట్టండి, డీసీలో మాత్రం ఏరుకోండి.

జేబు పుస్తకాలని అంటారు గానీ ఏ జేబులోనూ పట్టవు. మార్వెల్‌ది 6×9 అంగుళాలు, డీసీది 5.5×8.5. లాప్‌టాప్ బ్యాగు ముందు అరలో హాయిగా దూరతాయి, మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో చదువుకోవచ్చు. మామూలు అమెరికన్ కామిక్ పేజీ సుమారు 6.6×10.2 అంగుళాలు. విస్తీర్ణం లెక్కేస్తే మార్వెల్ చిన్న పుస్తకంలో దాదాపు 80 శాతం, డీసీ దాంట్లో 70 శాతం మిగులుతుంది. ఈ పది శాతం తేడా వినడానికి చిన్నదే, మాటల బెలూన్ల దగ్గర మాత్రం బాగా తెలుస్తుంది. నలభై దాటినవాళ్లు అద్దాలు పెట్టుకునే షాపుకు వెళ్లండి.

1960ల బొమ్మలు ఈ కుదింపుకు బాగా తట్టుకుంటాయి. అప్పట్లో ఆర్టిస్టులు సుమారు 12×18 అంగుళాల అట్ట మీద గీసేవారు. అచ్చులో బొమ్మ బాగా చిన్నదవుతుందనీ, చవక న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుందనీ వాళ్లకు తెలుసు. అందుకే గీతలు లావుగా, రంగులు చదునుగా ఉంటాయి. స్పైడర్‌మ్యాన్ మొదటి సంపుటంలో ఆర్టిస్టు స్టీవ్ డిట్కో పేజీలు చూడండి: గడులు (పేజీలోని బొమ్మల చట్రాలు) చిన్నవైనా ముఖం ముఖంలాగే, చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది. కంప్యూటర్ రంగులు వచ్చాక చేసిన పేజీలకు ఆ భోగం లేదు. నీలం మీద ముదురు నీలం, దానిమీద నలుపు వేస్తే చిన్న సైజులో అంతా మసకే.

మార్వెల్‌లో మొదలుపెట్టడానికి స్పైడర్‌మ్యాన్ మొదటి సంపుటమే సరైనది. 1962 నాటి అమేజింగ్ ఫ్యాంటసీ 15వ సంచిక, ఆపైన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 1 నుంచి 10 వరకు ఉంటాయి. రెండో సంపుటంలో 11 నుంచి 19, మొదటి యాన్యువల్ (ఏడాదికోసారి వచ్చే ప్రత్యేక సంచిక). ఫెంటాస్టిక్ ఫోర్, ఎక్స్‌మెన్, అవెంజర్స్ మొదటి సంపుటాలు కూడా 1 నుంచి 10 సంచికలే. థోర్ దగ్గర కాస్త ఆగండి. అతని కథలు మొదట వచ్చిన జర్నీ ఇంటు మిస్టరీ పత్రిక 83 నుంచి 100 వరకు మొదటి పుస్తకంలో పెట్టారు. సంచికలు ఎక్కువైనా కథలు పొట్టివి, సగానికి సగం నీరసం. థోర్ కావాలంటే రెండో సంపుటంతో మొదలుపెట్టినా కొంపేమీ మునిగిపోదు.

డీసీలో ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ ధైర్యంగా కొనొచ్చు. గడులు పెద్దవి, బొమ్మల చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది, చదవడానికి ఇబ్బంది రాదు. బ్యాట్‌మ్యాన్ కోర్ట్ ఆఫ్ ఔల్స్ కథ బాగుంటుంది, ఈ సైజులో చిరాకు తెప్పిస్తుంది. ఐదో సంచికలో పేజీలు అడ్డంగా, తలకిందులుగా తిరుగుతాయి. గట్టి జిగురు బైండింగ్ పుస్తకాన్ని అలా తిప్పుతూ చదివితే మధ్యలోని బొమ్మ వెన్నులోకి పోతుంది, వెన్ను మీద చార కూడా పడుతుంది. వాచ్‌మెన్ విషయంలో ఇంకా జాగ్రత్త. పేజీకి తొమ్మిది గడుల అమరిక, పైగా అధ్యాయాల చివర దట్టమైన గద్యం. తొలిసారి చదివేవాళ్లు దాన్ని పూర్తి సైజులోనే చదవాలి.

వరసలు మొదలైనప్పుడు అమెరికా ముద్రిత ధర మార్వెల్‌కు 15.99 డాలర్లు, డీసీకి 9.99. ఇక్కడ షాపు షాపుకూ మారకం లెక్క మారుతుంది. కాబట్టి వెనక అట్ట మీది డాలర్ ధరను ఆ రోజు రేటుతో గుణించి, అంటించిన స్టిక్కర్‌తో పోల్చండి. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. బిల్లులో ఎవరైనా కలిపితే అక్కడే అడగండి.

వైట్‌ఫీల్డ్ వైపు నుంచి పర్పుల్ లైన్ ఎక్కితే నేరుగా ఎంజీ రోడ్‌లో దిగొచ్చు, చర్చ్ స్ట్రీట్ నడిచే దూరమే. బ్లాసమ్, బుక్‌వర్మ్ పుస్తకాల షాపులు రెండూ ఆ వీధిలోనే ఉన్నాయి. కొత్తవీ, పాతవీ అమ్ముతాయి. మీకు కావాల్సిన సంపుటం పాత ప్రతి దొరుకుతుందేమో ముందు చూసి, తర్వాతే కొత్తదాని జోలికి వెళ్లండి. ఈ వరసల్లో వాడిన ప్రతికీ కొత్త ప్రతికీ చదవడంలో తేడా ఉండదు.

డబ్బులిచ్చే ముందు చూడాల్సినవి ఉన్నాయి. పుస్తకాన్ని నడిమికి తెరిచి, వెన్ను పక్కనున్న బెలూన్లలో చివరి అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. తర్వాత పేజీల్ని బొటనవేలితో జారవిడుస్తూ పేజీ నంబర్లు గమనించండి. కాగితాలు కట్టలు కట్టలుగా బైండింగ్‌కు వెళ్తాయి కాబట్టి తప్పు జరిగితే ఒక పేజీ కాదు, ఒక కట్ట మొత్తం రెండుసార్లు వస్తుంది, లేదా అసలే రాదు.

మార్వెల్ వరసలో చాలా సంపుటాలకు రెండు ముఖచిత్రాలుంటాయి. మామూలు పుస్తకాల షాపులకు కొత్తగా గీయించిన బొమ్మ, కామిక్స్ షాపులకు పాత సంచిక అట్ట. తొలి సంపుటాల కొత్త బొమ్మలు మైకేల్ చో వేసినవి. లోపల కథలు అవే. వేరే పుస్తకం అనుకుని రెండూ కొనేసేవాళ్లు చాలామంది. ఆన్‌లైన్‌లో అయితే ఒక అట్ట ఫొటో పెట్టి ఇంకో అట్ట పంపడం మామూలే. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) రెంటికీ వేరు, దాన్నే సరిచూసుకోండి. ఎపిక్ కలెక్షన్ (పాత కథలతో మార్వెలే వేసే లావు సంపుటాలు) ఇప్పటికే ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు: స్పైడర్‌మ్యాన్ మొదటి ఎపిక్‌లో 17వ సంచిక దాకా ఉంటుంది. చిన్న సంపుటాలు మొదటి రెండూ కొంటే కొత్తగా వచ్చేది రెండు సంచికలే.

పాత పుస్తకాల గుట్టల్లో 1966లో లాన్సర్, సిగ్నెట్ అనే ప్రచురణ సంస్థలు వేసిన సూపర్‌హీరో పేపర్‌బ్యాక్‌లు తగలొచ్చు. నిజంగా జేబులో పట్టేవి అవే. కాకపోతే నలుపు తెలుపు అచ్చు, గడుల్ని ముక్కలు చేసి కొత్తగా పేర్చారు. ముచ్చటకు దాచుకోవచ్చు, చదవడానికి పనికిరావు. జిగురు ఎండిపోయి ఉంటుంది, పూర్తిగా విప్పితే పేజీలు ఊడొస్తాయి.

కొత్త పుస్తకాన్ని కూడా ఒక్కసారే మధ్యకు విరవకండి. వెన్ను బల్ల మీద ఆనించి, ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు మార్చి మార్చి పరిచి వేలితో నెమ్మదిగా నొక్కుతూ మధ్యకు రండి. ధర స్టిక్కర్ గోరుతో గీకితే అట్ట పైపొర లేచిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ గాలి కాసేపు తగిలిస్తే జిగురు మెత్తబడి ఒక మూల నుంచి వచ్చేస్తుంది. అలమరలో నిలువుగా పెట్టండి, మరీ ఇరికించొద్దు. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు చాలు. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు నిజమే, ఆ వాసన మాత్రం కాగితానికి పట్టేసి ఏళ్ల తరబడి వదలదు. తప్పదంటే గుడ్డలో మూటకట్టి పుస్తకాలకు దూరంగా అర మూలన పెట్టండి.