మెడలో వేలాడుతూ జారిపోయే లెన్స్‌తో నాలుగేళ్లు

నా లెన్స్ మీద నాకున్న కోపమంతా ఒక్క విషయం గురించే. కెమెరా మెడలో వేసుకుని నడుస్తుంటే దాని గొట్టం దానంతట అదే కిందికి జారుతుంది. ఫొటోలు బాగానే వస్తాయి, ఫోకస్ చురుగ్గా పట్టేస్తుంది, బరువూ మోయలేనంత కాదు. ఆ సంగతులు ఎవరైనా చెబుతారు. నాలుగేళ్లు ప్రతి ప్రయాణంలోనూ మోశాక నాకు మిగిలిన జ్ఞాపకం మాత్రం ఆ జారుడే.

కంపెనీ పేరు చెప్పను. ఏపీఎస్-సీ (ఫొటోని పట్టే సెన్సర్ కాస్త చిన్నగా ఉండే) మిర్రర్‌లెస్ బాడీకి వేసే 18-135 (మిల్లీమీటర్లు; అంకె పెరిగేకొద్దీ దూరం దగ్గరవుతుంది) రకం లెన్స్. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో 27 నుంచి 200 దాకా అనుకోండి. ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువ కంపెనీలే చేస్తున్నాయి కాబట్టి నాది ఎవరిదన్నది పెద్ద విషయం కాదు.

అంతకుముందు నా దగ్గర రెండు లెన్స్‌లు ఉండేవి, మామూలు జూమ్ ఒకటి, దూరానికి ఇంకొకటి. ప్రయాణాల్లో వాటిని మార్చడమే పెద్ద తలనొప్పి. గాలి వీస్తున్న చోట బ్యాగు మోకాలి మీద పెట్టుకుని, ఒక మూత నోట్లో, ఇంకో మూత జేబులో, కెమెరా మూతి నేలవైపు తిప్పి మార్చాలి. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీస్తే చాలా బాడీల్లో సెన్సర్ నేరుగా బయటికి కనిపిస్తుంది. ముందు అడ్డుగా అద్దం ఏమీ ఉండదు. దుమ్ము పడినా ఎఫ్ 2.8లో, అంటే లెన్స్ కన్ను బాగా తెరిచి, తీసినంతసేపు తెలియదు. కన్ను చిన్నది చేసి ఎఫ్ 11కో 16కో వెళ్లి నీలాకాశం తీస్తే అప్పుడు బూడిద రంగు చుక్కలు బయటపడతాయి. ఓసారి ఆరు రోజుల ఫొటోల్లో అదే చుక్క ప్రతి ఆకాశంలోనూ కుడివైపు పైన కూర్చుని ఉంది. దాన్ని చెరిపి చెరిపి విసిగిపోయి రెండు లెన్స్‌లూ అమ్మేసి ఇది కొన్నాను.

మొదటి ఏడాది దీన్ని పొగిడేయడమే నా పని. ఎవరు అడిగినా "ఒక్కటి చాలు, మార్చక్కర్లేదు" అనేదాన్ని. గుడి గోపురం మొత్తం 18లో పడుతుంది. అక్కడే నిలబడి తిప్పితే పై అంతస్తులోని బొమ్మ ముక్కు మీద కూర్చున్న పావురం 135లో దొరుకుతుంది. రెండు ఫొటోల మధ్య రెండు సెకన్లు. ఆ సుఖం ఇప్పటికీ అబద్ధం కాదు.

జారుడు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. కొత్తలో రింగు బిగుతుగానే ఉండేది. రెండో ఏడాదిలో ఎప్పుడో, పైకెక్కుతున్నప్పుడు బొడ్డు దగ్గర ఏదో తగులుతోందని చూస్తే లెన్స్ చెయ్యి చాపినట్టు కిందికి సాగి ఉంది. ఇందులో వింతేమీ లేదు. జూమ్ రింగు తిప్పితే లోపల చెక్కిన గాడుల వెంట గొట్టం ముందుకు జరుగుతుంది. ముందువైపు గాజు ఎలిమెంట్లు బరువుగా ఉంటాయి. వాటిని ఆపేది గాడుల్లో ఉండే కాస్త రాపిడే. వాడగా వాడగా ఆ పట్టు సడలుతుంది. కెమెరా మూతి కిందికి వేలాడితే ప్రతి అడుగుకీ వచ్చే కుదుపు గొట్టాన్ని ఇంకాస్త లాగుతుంది. వంద అడుగులు నడిస్తే 18 కాస్తా 135 అయిపోతుంది.

"లాక్ ఉంటుంది కదా?" అంటారు. ఉంది. కానీ అది పనిచేసేది 18 దగ్గర మాత్రమే. అది కూడా నేను గుర్తుపెట్టుకుని వేస్తేనే. వేశాక ఎదురుగా ఏదైనా కనిపించి రింగు తిప్పబోతే అది కదలదు. లాక్ వేసిన సంగతి గుర్తొచ్చి బొటనవేలితో వెతికి తీసేసరికి పక్షి ఎగిరిపోతుంది, పిల్లాడు నవ్వడం ఆపేస్తాడు. అలా నాలుగుసార్లు అయ్యాక ఎవరైనా లాక్ వేయడం మానేస్తారు. నేనూ మానేశాను. ట్యామ్రాన్ 2016లోనే తన 150-600 రెండో తరం లెన్స్‌లో రింగుని ముందుకి నెడితే ఏ పొడవులోనైనా బిగుసుకునే ఏర్పాటు పెట్టింది. అంత పెద్ద లెన్స్‌ని ఎక్కువమంది ట్రైపాడ్ మీద పెట్టే వాడతారు. రోజంతా మెడలో ఊగే ట్రావెల్ జూమ్‌కి ఆ ఏర్పాటు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇక అసలు జరిగింది చెబుతాను. ఒక పాత కోట నుంచి దిగుతున్నాం. నిటారు మెట్లు, పక్కన ఇనుప రెయిలింగ్. వెనకాల మా తమ్ముడు. "అక్కా, నీ లెన్స్ మళ్లీ కిందికి జారింది చూడు" అన్నాడు. పైకి తోశాను. ఐదు నిమిషాల తర్వాత చెప్పు పట్టీ ఊడితే పెట్టుకుందామని వంగాను. కెమెరా మెడ నుంచి ముందుకు ఊగింది. గొట్టం అప్పటికే మళ్లీ సాగి ఉంది. రెయిలింగ్‌కి తగిలి 'టక్' మంది. పెద్ద శబ్దం కూడా కాదు, స్టీలు గ్లాసుకి గోరు తగిలినట్టు అంతే. చూసుకుంటే ముందు గాజు మీద గీత లేదు, అంచు వంగలేదు, హుడ్ (లెన్స్ ముందు ఎండ పడకుండా పెట్టే తొడుగు) మీద చిన్న తెల్ల మచ్చ. అక్కడే రెండు ఫొటోలు తీసి స్క్రీన్ మీద చూశాను. బాగానే ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని దిగిపోయాం.

ప్రయాణం ఇంకా వారం మిగిలి ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచాక, నది అవతలి ఒడ్డున వరుసగా కట్టిన పడవల ఫొటో దగ్గర ఆగిపోయాను. 135లో తీసింది. కుడివైపు పడవల మీద రాసిన పేర్లు చదవగలుగుతున్నాను, మధ్యలోవి కూడా. ఎడమవైపు నాలుగింటి పేర్లు మాత్రం తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయాయి. ఫోకస్ తప్పిందేమో అనుకుని పక్క ఫొటో చూశాను. అందులోనూ ఎడమే. ఆ వారంలో దూరం లాగి తీసిన ప్రతి దాంట్లోనూ ఎడమవైపు మూడో వంతు మెత్తగా ఉంది. 18 నుంచి 50 దాకా తీసినవి శుభ్రం. కెమెరా స్క్రీన్ మీద చూసినప్పుడు ఎందుకు తెలియలేదంటే, నేను అక్కడ పెద్దది చేసి చూసింది ఫొటో మధ్యభాగమే.

దీన్నే డీసెంటరింగ్ అంటారు. లోపలి ఎలిమెంట్లలో ఏదో ఒకటి పక్కకి జరగడమో ఒరగడమో. ఇంట్లో పరీక్షించడం కష్టమేమీ కాదు. ఇటుక గోడ ముందు ట్రైపాడ్ మీద కెమెరాని గోడకి సమాంతరంగా పెట్టి, అపర్చర్ (లెన్స్ కన్ను) పూర్తిగా తెరిచి, ఒక్కో పొడవులో ఒక ఫొటో తీయాలి. తర్వాత కెమెరాని తలకిందులు చేసి మళ్లీ అన్నీ తీయాలి. రెండుసార్లూ ఫ్రేములో అదే పక్క మెత్తబడితే తప్పు లెన్స్‌ది. గోడలో అదే చోటు మెత్తబడితే తప్పు మనది, కెమెరా వంకరగా పెట్టామన్నమాట. నాకు రెండుసార్లూ ఫ్రేములో ఎడమే వచ్చింది. కొత్త లెన్స్ ఏది కొన్నా మొదటి వారంలోనే ఈ గోడ పరీక్ష చేసుకుంటే మంచిది, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే. నేను కొన్నప్పుడు చేయలేదు. అందుకే ఈ లోపం ఆ దెబ్బతోనే వచ్చిందని ప్రమాణం చేసి చెప్పలేను. కాకపోతే అంతకుముందు ఫొటోలు తవ్వి చూస్తే ఎడమవైపు ఇలా లేదు.

సర్వీసుకి పంపితే రెండు వారాల తర్వాత తిరిగొచ్చింది. లోపల ఒక కాగితం. "పరీక్షించాం, ప్రమాణాల పరిధిలోనే ఉంది." గోడ ఫొటోలు నిటారుగా, తలకిందులుగా పక్కపక్కన పెట్టి, మెత్తగా ఉన్న చోట ఎర్ర గీత గీసి మళ్లీ పంపాను. ఈసారి సర్ది పంపారు. ఎడమ అంచు పూర్తిగా మునుపటిలా కాకపోయినా ఎఫ్ 8లో తీస్తే ఇప్పుడు తేడా వెతుక్కోవాలి. జారుడు సంగతి ఏం చేశారని ఫోన్‌లో అడిగితే "అది లోపం కాదండీ, ఆ లెన్స్ స్వభావమే అంత" అన్నారు. మనిషికైతే స్వభావం అంటే సర్దుకుపోతాం. లెన్స్‌కి కూడానా?

చివరికి దారి చూపింది రబ్బరే. మొదట ఇంట్లో దొరికిన మామూలు రబ్బర్ బ్యాండు వేశాను. ఎండాకాలంలో అది కరిగి రింగు గాట్లలో అతుక్కుంది. ఒక సాయంత్రమంతా టూత్‌పిక్‌తో గీకి తీయాల్సి వచ్చింది. తర్వాత చేతికి వేసుకునే వెడల్పాటి సిలికోన్ బ్యాండు ఒకటి దొరికింది. దాన్ని సగం జూమ్ రింగు మీద, సగం కదలని భాగం మీద ఉండేలా తొడిగాను. అంతే, జారడం ఆగిపోయింది. ఏడాదిన్నరగా అదే ఉంది. రింగు కొంచెం గట్టిపడింది, పరిగెత్తే పిల్లల్ని తీసేటప్పుడు మణికట్టు నొప్పి పుడుతుంది. అంత ఖరీదైన వస్తువుని నిలబెడుతున్నది ఒక చేతి బ్యాండు.

"ఒక్కటి చాలు" అన్న మాట కూడా ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. ఇక దుమ్ము పడదనుకున్నాను. సెన్సర్ మీద తగ్గిన మాట నిజమే, కానీ గొట్టం బయటికీ లోపలికీ ఆడినప్పుడల్లా గాలి పీలుస్తుంది. టార్చి వేసి చూస్తే లోపల నాలుగైదు నలకలు కనిపిస్తాయి. అవి ఫొటోలో పడవు కాబట్టి పట్టించుకోను. సాయంత్రం సంగతి వేరు. 135 దగ్గర ఎఫ్ 5.6. ఎఫ్ 2.8తో పోలిస్తే రెండు స్టాపులు తక్కువ, అంటే వెలుతురు నాలుగో వంతు. అక్కడ ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 సరిపోయే చోట నాకు 6400 కావాలి. స్టెబిలైజేషన్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ ఎదుటి మనిషి కదలికని ఆపదు. దీపాల వెలుగులో నాట్యం తీయబోయి ఓ రాత్రంతా పోగొట్టుకున్నాక ఒక చిన్న 35 ఎఫ్ 1.8 కొన్నాను. అలా నా ఒక్క లెన్స్ రెండయింది.

మా తమ్ముడు కెమెరా కొంటానన్నప్పుడు ఇవన్నీ ఏకరువు పెట్టాను. కదలకుండా ఉండేదే కావాలంటే సోనీ 18-105 ఎఫ్ 4 ఉంది, జూమ్ చేసినా పొడవు మారదు, అన్నీ లోపలే జరుగుతాయి. బరువు 427 గ్రాములు. కానీ జూమ్ మోటారుతో నడుస్తుంది, చేత్తో తిప్పిన చురుకు నాకు దొరకలేదు. ట్యామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 సాయంత్రాలకి హాయి, అర కిలో దాటుతుంది. ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్‌కి వెళితే ఒలింపస్ 12-100 ఎఫ్ 4 ఉంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 నుంచి 200, మొదటి నుంచి చివరి దాకా ఎఫ్ 4. లెన్స్ 561 గ్రాములు, పైగా సెన్సర్ చిన్నది. వాడు అన్నీ విని సిగ్మా 18-50 ఎఫ్ 2.8 కొన్నాడు, 290 గ్రాములది. "నాకు తేలిగ్గా ఉంటే చాలు, దూరం వద్దక్కా" అన్నాడు.

వాడి మాట వాడికి సరైనదే. వాడు ఊళ్లు తిరుగుతాడు, సందులూ మనుషులూ తీస్తాడు. నేను కొండలెక్కుతాను, పక్షుల్ని చూస్తే ఆగలేను, వంగి లేచి నడుస్తూ ఉంటాను. కెమెరాని మెడలో కాకుండా బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లకి నా కోపం అసలు వర్తించదు. వాళ్లకి ఇదే లెన్స్ కళ్లు మూసుకుని కొనమంటాను. నాలాగా రోజంతా వేలాడదీసుకుని నడిచేవాళ్లయితే కొట్లో దాన్ని బాడీకి తగిలించి, మూతి కిందికి పట్టుకుని పదిసార్లు ఊపి చూడండి. కొత్తది జారకపోవచ్చు. వాడినది కొంటున్నట్టయితే మాత్రం ఆ పది ఊపుల్లోనే తెలిసిపోతుంది. మార్చేయొచ్చు కదా అంటే, నేనింకా మార్చలేదు. ఆ పావురం ఫొటో లాంటివి వస్తున్నంతకాలం మారుస్తానని కూడా అనుకోను.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. పక్షుల శరణాలయానికి వెళ్తున్నాడట. "అక్కా, రెండు రోజులకి నీ లెన్స్ ఇస్తావా?" అన్నాడు. బాడీ కూడా ఇచ్చాను, వాడి కెమెరా మౌంటు (లెన్స్ బిగించే చోటు) వేరు. బ్యాండు తీయొద్దని మూడుసార్లు చెప్పాను. తిరిగి ఇచ్చినప్పుడు బ్యాండు లెన్స్ మీద లేదు, వాడి చేతికి ఉంది.