నేపుల్స్‌లో 64 యూరోల పిజ్జా, 2 యూరోల పిజ్జా

ఆ బిల్లు ఇంకా నా పర్సులోనే ఉంది. మూడు పిజ్జాలు 42 యూరోలు, నీళ్ల సీసా 5, 'కోపెర్తో' 9, అంతటి మీద 15 శాతం సర్వీసు 8.40. మొత్తం 64 యూరోల 40 సెంట్లు. యూరో 90 రూపాయలనుకున్నా దాదాపు 5,800. పిజ్జాకు పుట్టినిల్లని ఆశపడి ఇటలీలోని నేపుల్స్ దాకా ఇంత దూరం వెళ్లి, మొదటి రాత్రే ఇంత సమర్పించుకుని, అరకడుపుతో లేచి వచ్చాం.

తప్పు నాదే. జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న మా అమ్మాయి ముందే చెప్పింది, "సముద్రం కనబడే చోట తినొద్దు నాన్నా" అని. వింటేనా! కాస్తెల్ దెల్లొవొ కోట దగ్గర ఒడ్డు వెంట నడుస్తుంటే దూరంగా వెసూవియస్ అగ్నిపర్వతం, చల్లటి గాలి, ఒక హోటలు గుమ్మంలో చేతులు జోడించి "నమస్తే ఇండియా" అంటున్న మనిషి. ఆ నమస్కారానికే పడిపోయాను. నలభై నిమిషాల తర్వాత వచ్చిన పిజ్జా అంచు అప్పడంలా విరిగింది, మధ్యలో చీజ్ గడ్డకట్టి ఉంది. కోపెర్తో అంటే బల్ల ముందు కూర్చున్నందుకు తలకింతని వేసే రుసుము. ఇటలీలో అది మామూలే. కానీ ఇక్కడ తలకు మూడు యూరోలని మెనూ చివరి పేజీలో చీమల బారులాంటి అక్షరాల్లో వేశారు. ఇదేమిటని అడిగేసరికి నమస్తే పెట్టిన మనిషికి ఒక్కసారిగా ఇంగ్లీషు రాకుండా పోయింది. మా ఆవిడ దారి పొడవునా నోరు విప్పలేదు. గదికి చేరాక మాత్రం, "ఆ డబ్బుతో మన అపార్ట్‌మెంటు అందరికీ దోసెలు పెట్టించేదాన్ని" అంది.

గది సంగతీ చెప్పాలి. పాత బస్తీలో నాలుగో అంతస్తు. లిఫ్టు ఉందని రాశారు కాబట్టే తీసుకున్నాం. ఉంది నిజమే, కానీ ఇరవై సెంట్ల నాణెం వేస్తేనే కదులుతుంది! పెట్టెలతో రాత్రి దిగినవాళ్ల దగ్గర చిల్లర ఎక్కడిది? అమ్మాయి వీధి చివర కొట్లో చూయింగ్ గమ్ కొని చిల్లర తెచ్చింది. నేపుల్స్ పాత భవనాల్లో ఇలాంటి లిఫ్టులు ఉంటాయట. ఆ ముక్క ఇంటాయన ముందే చెబితే ఏం పోయింది? గది మాత్రం శుభ్రంగానే ఉంది.

మర్నాడు బాధ్యత అమ్మాయికి అప్పగించాను. నేరుగా దా మికేలె అనే పాత పిజ్జా హోటలుకు తీసుకెళ్లింది. 1870 నుంచి పిజ్జాలు చేస్తున్న కుటుంబం వాళ్లది. దశాబ్దాల పాటు చీజ్ వేసిన మార్గెరీతా, చీజ్ లేని మరినారా, ఈ రెండే చేశారు. గుమ్మం దగ్గర చీటీ మీద నంబరు ఇస్తారు. మాది 74, లోపలికి పిలుస్తున్నది 31. గంటా ఇరవై నిమిషాలు రోడ్డు మీదే. మా ఆవిడ ఒక స్కూటరు సీటుకు ఆనుకుని, "తిరుపతి క్యూ నయం, కనీసం పుణ్యం వస్తుంది" అంటూనే ఉంది.

లోపల పాలరాతి బల్లలు, పక్కన ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు. మా బల్లకు పొయ్యి ఎదురుగానే ఉంది. కట్టెల మంట మీద 430 డిగ్రీలు దాటే వేడి. వంటవాడు పొడవాటి కర్రకు బిగించిన రేకు మీద పిజ్జాను లోపలికి జార్చి, ఒక పక్క పొంగగానే చటుక్కున తిప్పుతాడు. మా ఆవిడ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. డెబ్బై దాటకముందే పిజ్జా బయటికి వచ్చేసింది. అంచు పూరీలా ఉబ్బి, మీద నల్లటి మచ్చలు. కంచం చాలక చుట్టూ వేలాడుతోంది. ముక్కలు కోసి ఇవ్వరు, కత్తితో మనమే కోసుకోవాలి. నడిమి భాగం తడితడిగా ఉంటుంది. "ఏమండీ, మధ్యలో చారు పోశారా?" అంది. మూడో ముక్క నుంచి మాటలు లేవు.

ఆవిడ తిన్నది మరినారా. పేరులో సముద్రం ఉందని చేప ఉంటుందేమోనని భయపడింది కానీ, అందులో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె తప్ప ఏమీ లేవు. చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారని తెలిసి మానుకునేవాళ్లకు ఇదే శ్రేయస్కరం. వేయించిన పిజ్జా జోలికి మాత్రం శాకాహారులు అడగకుండా వెళ్లొద్దు, లోపల పంది మాంసం కూరే అలవాటుంది.

సాయంత్రం 'బ్రాందీ' అనే పిజ్జా హోటలు గోడ మీది రాతిపలక చూశాం. 1889లో ఇటలీ రాణి మార్గెరీతా పేరిట పిజ్జా ఇక్కడే పుట్టిందని దాని సారాంశం. ఆ కథను చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. ఫొటో దిగి వచ్చేశాం.

నన్ను నిజంగా పడగొట్టింది వియా దెయి త్రిబునాలి అనే వీధిలోని దీ మత్తేయో పిజ్జా హోటలు. 1994లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇక్కడ తిన్నాడు. మేము లోపల కూర్చోలేదు. వీధిలోకి తెరిచిన అద్దాల బీరువా ముందు నిలబడి, చిన్న పిజ్జాను పర్సులా నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తే తీసుకున్నాం. ఒక్కోటి రెండే యూరోలు. కోపెర్తో లేదు, నమస్తే కూడా లేదు. చర్చి మెట్ల మీద కూర్చుని కొరికితే వేడి టమాటా రసం నా తెల్ల చొక్కా మీదికి కారింది. మా ఆవిడ కొంగుతో తుడవబోయి, తన చేతిలోదే చల్లారుతుందని మానేసింది. మళ్లీ వెళ్లి ఇంకో మూడు తెచ్చుకున్నాం. ఆరుగురి తిండి, 12 యూరోలు.

చివరి రోజు రోమ్ రైలు ఎక్కబోతూ ఆవిడ ఇంకొకటి కట్టించుకుంది. వద్దు, అక్కడికక్కడే తినాలి అన్నాను. గంటా పది నిమిషాల ప్రయాణంలో అది తోలులా సాగింది. అయినా అంచు కూడా వదల్లేదు.