బుకింగ్ పక్కన నల్లబోర్డు: పద్దెనిమిదేళ్లుగా చూస్తున్న మనిషి మాట

మాది తెనాలి–రేపల్లె రైలు లైన్లో ఒక చిన్న ఊరు. ఇప్పుడు ఊళ్లో మిగిలిన సినిమా హాలు ఒక్కటే. సీట్లు, సౌండు, ఇంటర్వెల్ సమోసాల సంగతి వెళ్లేవాళ్లందరికీ తెలుసు, అవి రాయను. నన్ను పద్దెనిమిదేళ్లుగా ఆ హాలుకు కట్టిపడేసింది బుకింగ్ కిటికీ పక్కన గోడకున్న నల్లబోర్డు. పైన తెల్ల పెయింటుతో ‘రాబోవు చిత్రం’ అని ఎప్పుడో రాయించారు. దాని కింద సుద్దముక్కతో పేరు, తేదీ, ఆటలు. అంతే.

ఆ బోర్డంటే నాకు ప్రాణం. ఊరి గోడల మీద వాల్‌పోస్టర్లు చాలానే పడతాయి. ‘త్వరలో’ అని ఉంటుంది గానీ ఏ ఊళ్లోనో, ఏ హాల్లోనో ఎవరికీ తెలీదు. బోర్డు మీద రాసేది మా హాలు మేనేజరుగారు. సినిమాను మా ప్రాంతానికి కొన్న బయ్యరుతో మాట ఖాయమయ్యాకే సుద్ద పట్టుకుంటారు. రీళ్ల రోజుల్లో గుంటూరులో, తెనాలిలో ఆడి గీతలు పడ్డ ప్రింటు మా దాకా వచ్చేసరికి వారాలు పట్టేది, అన్నాళ్లూ పేరు బోర్డు మీద అలాగే ఉండేది. ఇప్పుడు ఉపగ్రహం మీదో, హార్డ్‌డిస్క్‌లోనో వస్తోంది, దాన్ని ఆడించే లైసెన్సు అందితే హైదరాబాదులో పడిన రోజే మాకూ పడుతోంది. అయినా ఆయన బోర్డు మానలేదు. ప్రతి మంగళవారం సాయంత్రం రాస్తారు.

2020 మార్చిలో హాళ్లు మూసేసినప్పుడు ఆ వారం రావాల్సిన సినిమా పేరు నెలల తరబడి అలాగే ఉండిపోయింది. కూరగాయలకు వెళ్తూ గేటు సందులోంచి చూసేవాళ్లం. అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో తెరవొచ్చని కేంద్రం చెప్పినా, మా గేటు తీసేసరికి క్రిస్మస్ వచ్చేసింది. అప్పుడు ఆ పాత పేరు తుడుస్తుంటే మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. మోకాళ్ల నొప్పులతో తెనాలి దాకా వెళ్లలేరు. ఇక్కడైతే ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా కింద కుర్చీల్లో కూర్చోవచ్చు. మంగళవారం నడకకు వెళ్లి, బోర్డు చదివొచ్చి, ఇంట్లో అందరికీ చెప్పడం ఆయన పని. ‘బోర్డు మీద పడితే తెర మీద పడినట్టే’ అని నేనూ కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ వచ్చాను.

ఆ మాట పోయిన సంక్రాంతికి దెబ్బతింది. పండక్కి రెండు మూడు పెద్ద సినిమాలు, వాటి మధ్య ఒక కుటుంబ కథ. బోర్డు మీద ఆ కుటుంబ కథే రాశారు, పండగ రోజు నాలుగు ఆటలూ. నాన్న హైదరాబాదులో ఉన్న అక్కకు ఫోన్ చేసి, పిల్లలతో సహా అందరం మ్యాట్నీకి వెళ్దామని ఖాయం చేశారు. వాళ్లు భోగి ముందు రాత్రి దిగారు. భోగి పొద్దున నాన్న బోర్డు దాకా వెళ్లొచ్చి, ఎవరితో ఏమీ అనకుండా వరండాలో కూర్చున్నారు. ఏమైందోనని నేను వెళ్లి చూశాను. తడిగుడ్డ పెట్టే తీరిక కూడా లేనట్టుంది, అరచేత్తో తుడిచేశారు. వేళ్ల చారలు కనబడుతున్నాయి. ఆ తెల్లటి మరకలోంచి పాత అక్షరాలు ఇంకా చదవగలిగేటట్టే ఉన్నాయి, వాటి మీదే పెద్ద సినిమా పేరు.

మేనేజరుగారు నన్ను చూడగానే ఆయనే మొదలుపెట్టారు. “రాసినప్పుడు అబద్ధం కాదండీ. రాత్రి పదకొండింటికి పెద్ద సినిమా వాళ్ల ఫోనొచ్చింది. నాలుగు ఆటలూ మా సినిమాకే ఇవ్వాలి, లేకపోతే ఇదీ లేదు, వేసవికి వచ్చేదీ లేదన్నారు. ఒక్క హాలు పెట్టుకుని నేనేం చెయ్యను? మాస్టారికి మొహం చూపించలేక లోపలే ఉండిపోయాను.”

ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. కోపం మాత్రం పోలేదు. అక్క వాళ్లు సినిమా చూడకుండానే కనుమ మర్నాడు బస్సెక్కారు. కనీసం ‘మారింది’ అని ఒక్క ముక్క రాసుంటే పొద్దున్నే అంత దూరం నడిచొచ్చిన మనిషి బోర్డు ముందు అలా నిలబడిపోయేవారు కాదు.

పది రోజుల తర్వాత నాన్న నడకలో ఉండగా మేనేజరుగారు స్కూటర్ ఆపి, “మాస్టారూ, రేపట్నుంచి మ్యాట్నీ ఒక్కటి ఆ సినిమా వేస్తున్నాం. బోర్డు మీద ఇంకా రాయలేదు, ముందు మీకే చెప్తున్నా” అన్నారట. ముప్పై మందికి మించి లేం. నాన్న రెండున్నర గంటలూ కదలకుండా చూశారు. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి కథంతా చెప్పారు.

అందుకని నా మాట కొంచెం మార్చుకుంటున్నాను: పండగ వారాలు, పెద్ద హీరోల వారాలు మినహాయిస్తే ఆ బోర్డును ఇప్పటికీ నమ్మొచ్చు. హాలు మా ఇంటికి పది నిమిషాల నడక కాబట్టి, మా నాన్న ఉన్నారు కాబట్టి అంటున్నాను. పక్క ఊళ్ల నుంచి ఆటో కట్టించుకుని వచ్చేవాళ్లు మాత్రం బయల్దేరే ముందు హాలుకు ఫోన్ చేసి అడగండి.

సంక్రాంతి తర్వాత నుంచి పెద్ద సినిమాలకు పేరు మంగళవారమే రాసినా, తేదీ చోటు ఖాళీగా ఉంచుతున్నారు. శుక్రవారం పొద్దున నింపుతారు. నాన్న ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్లొస్తున్నారు.