జబ్బు చేసిన కోడిపిల్లకు ఏ వేడి మేలు: బల్బా, సిరామిక్ హీటరా, వేడినీళ్ల సీసానా?

చలాకీగా తిరిగే కోడిపిల్లలకు ఏ వేడి పెట్టినా పెద్ద ఇబ్బంది రాదు. వేడెక్కితే దూరం జరుగుతాయి, చలేస్తే దగ్గరికి చేరతాయి. జబ్బుపడ్డ పిల్లకు ఆ ఓపిక ఉండదు. రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని పెట్టినచోటే కూర్చుంటుంది. పైన బల్బు మాడ్చేస్తున్నా జరగదు. పక్కకు జరగలేని పిల్లకు ఏ వేడి హాని చేయదో చూసి ఎంచుకోవాలి.

ముందు దాన్ని గుంపులోంచి తీసి వేరే పెట్టెలో పెట్టండి. ఒకటి రెండు పిల్లలకు 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న అట్టపెట్టె చాలు. వేడి ఒక చివరనే ఉండాలి, రెండో చివర ఐదారు డిగ్రీలు తక్కువగా ఉండాలి. థర్మామీటరును పిల్ల వీపు ఎత్తున, అంటే నేలకు 5 సెంటీమీటర్ల పైన కట్టండి. పెట్టె పైఅంచున కడితే ఆ లెక్క పిల్లకు పనికిరాదు. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, రెండో వారం 32, మూడో వారం 29 మామూలు లెక్క. జబ్బుపడ్డ పిల్లకు ఒక వారం వెనక్కి లెక్కేసి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఇవ్వండి. మొదటి వారం పిల్లకు మాత్రం 35 దాటించొద్దు. అడుగున ఊక బదులు పాత నూలుగుడ్డ వేస్తే రెట్ట రంగు తెలుస్తుంది. న్యూస్‌పేపరు జారుతుంది, నీరసంగా ఉన్న పిల్ల కాళ్లు చెరో పక్కకు చీలిపోతాయి.

పాతకాలపు పసుపు బల్బు ఇంట్లో ఉంటే అరగంటలో పని మొదలవుతుంది. ఎల్‌ఈడీ బల్బుకు వేడి ఉండదు, పెట్టి లాభం లేదు. 60 వాట్ల బల్బును 30 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీసి, థర్మామీటరు చూస్తూ పైకీ కిందికీ సర్దాలి. వెలుగు ఉంటుంది కాబట్టి పిల్ల తింటోందా, ముక్కు కారుతోందా, ముడ్డి దగ్గర రెట్ట అంటుకుందా అన్నీ కనిపిస్తాయి. తంటా రాత్రికి వస్తుంది. ఇరవైనాలుగు గంటలూ వెలుగులో ఉంచితే పిల్లకు నిద్ర పట్టదు. బల్బు చెప్పాపెట్టకుండా మాడిపోతే తెల్లారేసరికి పెట్టె చల్లబడిపోతుంది.

250 వాట్ల ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఈ చిన్న పెట్టెకు వద్దే వద్దు. అది పదుల సంఖ్యలో పిల్లలను వెచ్చగా పెంచే బ్రూడరుకు సరిపోయేది. ఎర్ర వెలుగులో రెట్టలో పడ్డ రక్తం కూడా కనిపించదు. పగలకుండా టెఫ్లాన్ పూత పూసిన రకమైతే వేడికి వచ్చే పొగ పక్షుల ప్రాణమే తీస్తుంది.

బల్బులా హోల్డరులో బిగించే సిరామిక్ హీటరు వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇస్తుంది, పిల్ల చీకట్లో హాయిగా పడుకుంటుంది. అసలు లాభం థర్మోస్టాట్‌తో, అంటే వేడిని చూసి హీటరును తానే ఆపి వేసే పరికరంతో కలిపినప్పుడు. బల్బుకు థర్మోస్టాట్ పెడితే రాత్రంతా వెలుగుతూ ఆరుతూ పిల్లను బెదరగొడుతుంది, దీనితో ఆ బాధ లేదు. గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడే డబ్ల్యూ1209 థర్మోస్టాట్ బోర్డు, 12 వోల్టుల అడాప్టరు సరిపోతాయి. కరెంటు పని తెలిసినవాళ్లతోనే కట్టించండి. హీటరు ఒళ్లు చుర్రుమనేంత కాలుతుంది కాబట్టి ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది, పింగాణీ హోల్డరే కావాలి. చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి. సెన్సరు తీగను పిల్ల ఎత్తున గట్టిగా కట్టాలి. అది పెట్టె బయటికి జారిందంటే బయటి చల్లగాలిని చూసి హీటరు ఆగకుండా కాలుతూనే ఉంటుంది, పిల్ల ఉడికిపోతుంది.

వేడినీళ్ల సీసా కరెంటు పోయినప్పుడు ఆదుకుంటుంది. అర లీటరు గాజుసీసాలో చేత్తో పట్టుకోగలిగినంత వేడి నీళ్లు పోసి, రెండు మడతల తువ్వాలు చుట్టి పక్కన ఆనించండి. గంటలోపే చల్లారుతుంది, మార్చకపోతే అదే పిల్ల ఒంటి వేడిని లాగేస్తుంది. మూత కారితే ఇంకా ప్రమాదం. తడిసిన పిల్ల చాలా త్వరగా చల్లబడుతుంది.

రెండు మూడు రోజులు సాకాల్సిన పిల్లకైతే థర్మోస్టాట్‌తో సిరామిక్ హీటరే మేలు. హీటరు తెచ్చేదాకా 60 వాట్ల బల్బు పెట్టండి. సీసా కరెంటు కోతకూ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే దారికీ. ఇన్వర్టరు ఉన్నా సీసా సిద్ధంగానే ఉంచుకోవాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఇవేవీ అక్కర్లేదు. గదే 36 డిగ్రీలుంటే హీటరు ఆపేసి, నోరు తెరిచి రొప్పుతోందేమో చూడండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం థర్మోస్టాట్ లేకుండా నిద్రపోవడం పిల్ల ప్రాణంతో చెలగాటమే.

వెచ్చబడ్డాకే నీళ్లు, ఆ తర్వాతే మేత. ఒళ్లు చల్లగా ఉన్న పిల్లకు తినిపిస్తే మెడ కింది మేత సంచిలో అరగకుండా పులిసిపోతుంది. మనుషుల ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఇవ్వాలంటే లీటరుకు వేసేదాన్ని రెండు లీటర్లలో కలపండి, పిల్లలు ఉప్పును తట్టుకోలేవు. నోటి ముక్కు పక్క అంచున డ్రాపరుతో ఒక్కో చుక్కా పెట్టి మింగనివ్వండి. నోట్లోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముడ్డికి రెట్ట అతుక్కుంటే గోరువెచ్చని నీళ్లు తడిపిన దూదితో నానబెట్టి తీయాలి, లాగితే చర్మం ఊడొస్తుంది. పొట్ట వైపు కనిపించే ఎండిన బొడ్డును రెట్ట అనుకుని పీకొద్దు.

మూడు నుంచి ఆరు వారాల పిల్ల రెట్టలో రక్తం పడితే కాక్సీడియోసిస్ (పేగుల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అని అనుమానించాలి. పసుపు నీళ్లతో అది తగ్గదు. ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు, వేరే నీళ్లు ఏవీ పెట్టకుండా ఇవ్వాలి. ఆ రోజుల్లో బి1 ఉన్న విటమిన్లు ఆపండి, అవి మందు పనిని చెడగొడతాయి. యాంటీబయాటిక్‌ను డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

మెడ మెలితిరగడం, ఆకుపచ్చ రెట్ట, ఒకటి వెనక ఒకటి చనిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) కావచ్చు, అప్పుడు ఏ హీటరూ కాపాడలేదు. మిగిలిన పిల్లలను ఎవరికీ ఇవ్వకుండా, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలోనో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోనో అడగండి. వెళ్లేటప్పుడు పిల్ల వయసు, వేసిన టీకాలు, ఇచ్చిన మందుల పేర్లు కాగితం మీద రాసుకుని, తాజా రెట్ట కొంచెం మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లండి.